ప్రొబేషన్ ఉత్తరం వచ్చింది, ఇంట్లో ఇంకా చెప్పలేదు

పేరు రాయవద్దని కోరుతూ అమెరికా నుంచి ఒక అమ్మాయి పంపిన ఉత్తరం ఇది. వయసు ఇరవై మూడు. సొంత ఊరు సత్తెనపల్లికి దగ్గర. తండ్రి మిరప రైతు. ఇంటర్ విజయవాడలో ఒక హాస్టల్ కాలేజీలో, బీటెక్ గుంటూరు పక్కన ఎలక్ట్రానిక్స్‌లో పూర్తి చేసి, కిందటి ఆగస్టులో అక్కడి ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్‌లో చేరింది. రెండెకరాల పొలం హామీ పెట్టి బ్యాంకులో ముప్పై లక్షలు, అది చాలక మేనమామ దగ్గర ఎనిమిది లక్షలు తెచ్చారు. 2021లో నల్ల తామర పురుగు పడి తోట పోయినప్పటి బాకీ ఇంకా తీరనేలేదు.

మొదటి సెమిస్టర్‌లో మూడు కోర్సులకు బి మైనస్, సి ప్లస్, సి వచ్చాయి. జీపీఏ, అంటే నాలుగుకు గ్రేడ్ల సగటు, 2.33. మాస్టర్స్ విద్యార్థికి 3.0 ఉండాలి కాబట్టి అకడమిక్ ప్రొబేషన్‌లో పెట్టామని, అంటే గడువులోగా మార్కులు పెంచుకోకపోతే తీసేస్తామని, అడ్వైజర్‌ను కలవాలని జనవరి మొదట్లో మెయిల్ వచ్చింది. సగం చదివి మూసేసింది. రెండో సెమిస్టర్ మొదలై మూడు వారాలయింది. అడ్వాన్స్‌డ్ అల్గారిథమ్స్ మొదటి అసైన్‌మెంట్‌లో నూటికి నలభై ఒకటి వచ్చాయి. వారానికి ఇరవై గంటలు క్యాంపస్ భోజనశాలలో పని. ఇంటికి ప్రతి ఆదివారం ఫోను చేసి “బాగానే చదువుతున్నాను” అని చెబుతోంది. గదిలో ఉండే ఇద్దరిలో ఒకరు సీనియర్లు రాసిన కోడ్ ఇప్పిస్తామంటున్నారు, మరొకరు తేలికగా మార్కులు వేసే యూనివర్సిటీకి మారిపొమ్మంటున్నారు. ఉత్తరంలోని రెండు మాటలు ఉన్నవి ఉన్నట్టు ఇస్తున్నాను: “మేడమ్, ఇక్కడ నన్ను ఎవరూ పట్టించుకోరు. క్లాసుకు వచ్చానో లేదో కూడా చూడరు.” ఇంకొకటి: “రాత్రి పడుకునేటప్పుడు, పొద్దున లేవకపోతే బాగుండును అనిపిస్తోంది.”

అమ్మా,

నా కూతురి వయసుదానివి, నువ్వు అనే రాస్తున్నాను. పద్దెనిమిదేళ్లుగా అమెరికాలో ఒక యూనివర్సిటీలో విద్యార్థులకు చదువు విషయంలో దారి చూపించే విభాగంలో పని చేస్తున్నాను. నీలాంటి ఉత్తరం పట్టుకుని నా ఎదుట కూర్చున్న మన పిల్లలు చాలామంది. అందుకే నీ ఉత్తరం చదువుతుంటే నాకు ఎక్కడా ఆశ్చర్యం కలగలేదు, ఒక్క వాక్యం దగ్గర తప్ప.

పొద్దున లేవకపోతే బాగుండును అన్న వాక్యం అది. మిగతా అన్నిటికంటే ముందు దాని గురించి మాట్లాడుకుందాం. ఆ ఆలోచన ఈ రాత్రి మళ్లీ వస్తే, అమెరికాలో ఎక్కడి నుంచైనా 988 నంబరుకు ఫోను చెయ్యి, ఇలాంటి ఆలోచనలు వచ్చినవారి కోసమే ఉన్న హెల్ప్‌లైన్ అది. అర్ధరాత్రయినా ఎత్తుతారు, డబ్బు తీసుకోరు. రేపు పగలు మీ క్యాంపస్‌లోని కౌన్సెలింగ్ కేంద్రానికి వెళ్లు. చాలాచోట్ల నువ్వు కట్టిన ఫీజులోనే దాని ఖర్చు కూడా ఉంటుంది, కొత్తగా ఎవరికీ రుణపడటం లేదు. అక్కడ మాట్లాడింది మీ డిపార్ట్‌మెంటుకు వెళ్లదు, మీ నాన్నగారికి వెళ్లదు. ప్రాణం మీదకు వచ్చే ప్రమాదం ఉందనుకుంటే మాత్రం నిన్ను కాపాడటానికి అవసరమైనంత వరకు చెబుతారు, అంతే. “పొద్దున లేవకపోతే బాగుండును అనిపిస్తోంది” అని నాకు రాసిన మాటే వాళ్లకూ చెప్పు. ఇంగ్లిషు చక్కగా రావాలని లేదు.

ఇక “ఎవరూ పట్టించుకోరు” అన్న మాట. నువ్వు అబద్ధం రాయలేదు, అక్కడ నీకు కనిపించింది అదే. కానీ అలా ఎందుకు కనిపిస్తోందో చూడు. విజయవాడ హాస్టల్లో తెల్లవారుజామున గంట కొట్టి లేపేవారు. స్టడీ అవర్లో వెనక ఒక లెక్చరర్ తిరుగుతూ ఉండేవారు. వారానికో పరీక్ష, మార్కులు తగ్గితే ఆ సాయంత్రమే నాన్నగారికి ఫోను. చదువే నీ వెంట పడి వచ్చేది. నిన్ను చదివించారు. కానీ ఎక్కడ అర్థం కాలేదో నువ్వే గుర్తుపట్టి, ఎవరిని అడగాలో వెతుక్కునే అవసరం ఆ రెండేళ్లలో ఒక్కసారి కూడా రానివ్వలేదు. ఇప్పుడు నువ్వున్న చోట ఆ పని పూర్తిగా విద్యార్థిదే. అక్కడ సాయానికి కొదవ లేదు. అడిగితే తప్ప మాత్రం కదలదు.

అడగడం మనకు ఎందుకంత కష్టమో కూడా నాకు తెలుసు. మన కాలేజీలో స్టాఫ్ రూముకు రమ్మన్నారంటే ఏదో తప్పు చేశామని అర్థం. తలుపు దగ్గరే చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడాలి. ఆ భయం విమానమెక్కినంత మాత్రాన దిగిపోదు. నాలుగేళ్ల కిందట ఒక అబ్బాయి ప్రొఫెసర్ గది ముందు నిలబడి ఉండటం చూశాను. తలుపు సగం తెరిచి ఉంది. లోపల ఆయన యాపిల్ పండు ముక్కలు కోసుకుని తింటున్నారు. తలుపు మీద అంటించిన కాగితంలో “ఆఫీస్ అవర్స్: మంగళవారం, గురువారం, రెండు నుంచి మూడున్నర” అని ఉంది. సమయం రెండున్నర. అబ్బాయి ఆ కాగితం చదివాడు, ఫోనులో టైము చూసుకున్నాడు, నీళ్ల కుళాయి దాకా వెళ్లి మళ్లీ వచ్చాడు. ఆయన తింటున్నారు కదా, ఇప్పుడు వెళితే బాగుండదని చివరికి మెట్లు దిగిపోయాడు. ఆ గంటన్నర ఆయన విద్యార్థుల కోసమే కేటాయించిన సమయమని వాడికి ఎవరూ చెప్పలేదు. ఆఫీస్ అవర్స్ అంటే ఆఫీసు పనివేళలు అనుకున్నాడు.

కాబట్టి నువ్వు ముందుగా వెళ్లాల్సింది అల్గారిథమ్స్ ప్రొఫెసర్ దగ్గరకే. ఆ నలభై ఒక్క మార్కుల కాగితం పట్టుకుని వెళ్లు. “నాకు ఏమీ అర్థం కావడం లేదు సర్” అంటే ఎంత మంచివారైనా ఏమీ చెయ్యలేరు. కాగితం చూపించి, “మెర్జ్ సార్ట్‌కు సమీకరణం రాయగలిగాను, అందులోకి లాగ్ ఎలా వచ్చిందో చెప్పలేకపోయాను, ఇక్కడే ఆగిపోయాను” అని చెబితే పది నిమిషాల్లో ముడి విప్పుతారు. నువ్వు ఎలక్ట్రానిక్స్ నుంచి వచ్చావు. కంప్యూటర్ సైన్స్ పిల్లలు రెండో ఏడాదిలోనే చదివేసిన డిస్క్రీట్ గణితం నీకు ఉండి ఉండదు. నీ ఇబ్బందిలో సగం అక్కడే ఉందని నా అనుమానం. తెలివి తక్కువై వచ్చిన మార్కులు కావు ఇవి, మధ్యలో ఒక పుస్తకం చదవకుండా దాటి వచ్చినందువల్ల వచ్చిన మార్కులు. ఆ సంగతి ప్రొఫెసర్‌కు చెప్పు, ఏ అధ్యాయాలు చదివితే ఈ కోర్సుకు సరిపోతుందో అడుగు. ఆయన దగ్గరకు వెళ్లడానికి మరీ బెదురుగా ఉంటే ముందు టీచింగ్ అసిస్టెంట్ దగ్గరకు వెళ్లు. వాళ్లకూ అలాంటి వేళలే ఉంటాయి, చాలాసార్లు వాళ్లూ మనలాగే బయటి దేశాల నుంచి వచ్చినవాళ్లే.

ఉత్తరంలో ఒకచోట “గదిలో తలుపేసుకుని రాత్రి రెండు దాకా ఒక్కదాన్నే చదువుతాను” అని రాశావు. అక్కడ నాకు గణితవేత్త యూరీ ట్రైస్‌మన్ గుర్తొచ్చారు. 1970ల్లో ఆయన కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో కాలిక్యులస్ చదివే పిల్లలను దగ్గరగా గమనించారు. నల్లజాతి విద్యార్థులు చాలామంది ఆ కోర్సులో తప్పుతున్నారు, చైనా మూలాలున్న పిల్లలు బాగా చేస్తున్నారు. శ్రద్ధ లేకనో, ఇంట్లో చదువు లేకనో అని అధ్యాపకులు అనుకునేవారు. ఆయన వాళ్ల వెంట తిరిగి చూస్తే తేలింది వేరు. తప్పుతున్న పిల్లలు కష్టపడుతున్నారు, కానీ ఒంటరిగా. బాగా చేస్తున్నవాళ్లు ముందు ఎవరికి వారు లెక్కలు చేసుకుని, ఆ తర్వాత కలిసి కూర్చుని ఒకరి తప్పు ఒకరు దిద్దుకుంటున్నారు. ఆయన అందరినీ కలిపి కూర్చోబెట్టి మరింత కష్టమైన లెక్కలు ఇచ్చారు, ఫలితాలు మారిపోయాయి. అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఈ రకం ఆలోచన అప్పుడే బలపడింది. 1973లో మిస్సోరీ విశ్వవిద్యాలయం కాన్సాస్ సిటీ ప్రాంగణంలో మొదలైన సప్లిమెంటల్ ఇన్‌స్ట్రక్షన్ అనే పద్ధతి వెనక ఉన్న మాట నాకు చాలా ఇష్టం: వెనకబడిన విద్యార్థులంటూ ఎవరి మీదా ముద్ర వెయ్యకండి, ఎక్కువమంది తప్పుతున్న కోర్సును గుర్తించి ఆ కోర్సులో అందరికీ సాయం పెట్టండి. మాస్టర్స్ కోర్సులకు అలాంటి తరగతులు తక్కువ. అయినా నీ క్లాసులోనే ఇద్దరిని వెతుక్కోగలవు. నీ గదిలోవాళ్లే కానక్కర్లేదు, తెలుగువాళ్లే కానక్కర్లేదు. నివేదికలు రాయడంలో మార్కులు పోతుంటే రైటింగ్ సెంటర్ ఉంటుంది, అక్కడ కాగితం దిద్దించుకోవడం ప్రొఫెసర్లు కూడా మెచ్చే పని.

ఇప్పుడు సగం చదివి మూసేసిన ఆ మెయిల్ తెరువు. అందులో రెండు సంగతులు వెతుకు. 3.0కు చేరడానికి ఒక్క సెమిస్టర్ ఇచ్చారా, రెండు ఇచ్చారా? సి వచ్చిన కోర్సును మళ్లీ చదివితే పాత గ్రేడు లెక్కలోంచి తీసేస్తారా? ఇవి యూనివర్సిటీకి ఒక రకంగా ఉంటాయి. మెయిల్‌లో లేకపోతే అడ్వైజర్‌ను అడుగు. నీ ముందున్న దారులన్నీ ఈ రెండు జవాబుల మీదే ఆధారపడి ఉన్నాయి.

లెక్క నేను వేసి చూశాను. మూడేసి క్రెడిట్ల కోర్సులు మూడు, ఆ తొమ్మిది క్రెడిట్లను 2.33తో గుణిస్తే నీకు వచ్చిన పాయింట్లు 21. ఈ సెమిస్టర్‌లో మరో తొమ్మిది చదివితే మొత్తం పద్దెనిమిది, 3.0 రావాలంటే 54 పాయింట్లు కావాలి. అంటే ఇప్పుడు 33 తెచ్చుకోవాలి, సగటున 3.67. మూడింటిలోనూ ఏ మైనస్ రావాలి, లేదా ఒక ఏ, ఒక ఏ మైనస్, ఒక బి ప్లస్. కష్టమే. కానీ ఈ మూడో వారంలోనే మొదలుపెడితే అసాధ్యం కాదు.

భారం తగ్గించుకుని రెండు కోర్సులే చదివితే? ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవారు పూర్తి కోర్సులు చదవాలి, మాస్టర్స్‌లో అది చాలాచోట్ల తొమ్మిది క్రెడిట్లు. అయితే తగ్గించుకోవడానికి చట్టంలోనే అనుమతి ఉంది. ఏ కారణాలకు ఇవ్వవచ్చో ఆ నిబంధనలో రాసి ఉంది: మొదట్లో ఇంగ్లిషుతోనో చదవాల్సిన పాఠాలతోనో ఇబ్బంది, అమెరికా బోధనా పద్ధతి కొత్త కావడం, స్థాయికి సరిపడని కోర్సులో పడటం. నీ కథలో రెండు కారణాలు ఉన్నాయని నేను అనుకుంటున్నాను. నీకు తెలియని చదువు పద్ధతిలోకి వచ్చావని ఆ దేశపు నిబంధనే ఒప్పుకుంటున్నప్పుడు, నువ్వెందుకు దాన్ని నేరంలా దాచుకోవాలి? కానీ జాగ్రత్తలు ఉన్నాయి. ఈ అనుమతి ఒక డిగ్రీలో ఒక్కసారే ఇస్తారు, చాలాచోట్ల మొదటి ఏడాదిలోనే. కనీసం సగం కోర్సులు చదవాలి, తర్వాతి సెమిస్టర్‌లో మళ్లీ పూర్తి కోర్సులు తీసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో వీసా వ్యవహారాలు చూసే డీఎస్‌ఓ అధికారి ముందు ఒప్పుకోవాలి, ఆ తర్వాతే కోర్సు వదలాలి. ముందు వదిలేసి తర్వాత చెబితే వీసా స్థితి పోతుంది. ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. రెండు కోర్సులే చదివితే ఈ సెమిస్టర్‌లో 3.0కు చేరడానికి రెండింటిలోనూ పూర్తి ఏ రావాలి, సరిగ్గా 4.0. అంటే భారం తగ్గుతుంది, గీత మాత్రం పైకి వెళుతుంది. నీకు రెండు సెమిస్టర్ల గడువు ఉంటే ఇది మంచి దారి. ఒక్కటే ఉంటే, గడువు పెంచుతారా అని అడ్వైజర్‌తో మాట్లాడకుండా దీని జోలికి వెళ్లవద్దు.

కోర్సు మధ్యలో వదిలితే ట్రాన్స్‌క్రిప్టులో ‘డబ్ల్యూ’ అని పడుతుంది, జీపీఏలో కలవదు. దానికి ఒక చివరి తేదీ ఉంటుంది, మీ అకడమిక్ క్యాలెండర్‌లో ఈ రోజే చూసి గోడకు రాసి పెట్టుకో. కట్టిన ఫీజు ఈపాటికి వెనక్కి రాదనే అనుకో. ఆ డబ్బు పోతుందని కోర్సును పట్టుకుని వేలాడి, మరో సి తెచ్చుకున్న పిల్లలను చూశాను. కౌన్సెలింగ్‌లో నీ పరిస్థితి అనారోగ్యమని తేలితే దారి వేరు. డాక్టరో క్లినికల్ సైకాలజిస్టో ఉత్తరం ఇస్తే, డీఎస్‌ఓ అనుమతితో మొత్తం పన్నెండు నెలల వరకు కోర్సులు తగ్గించుకోవచ్చు, పూర్తిగా ఆపనూ వచ్చు. కౌన్సెలింగ్ గురించి ముందు రాసింది ఇందుకు కూడా.

వేరే యూనివర్సిటీకి మారడం కూడా ఒక దారే, నేను కాదనను. కానీ సి వచ్చిన క్రెడిట్లను కొత్త చోట సాధారణంగా తీసుకోరు, మళ్లీ ఫీజు కట్టి చదవాలి. మీ నాన్నగారి అప్పు మీద మరో సెమిస్టర్ పడుతుంది. మారాలనుకుంటే వీసా రికార్డు సక్రమంగా ఉండగానే మారాలి, ఇక్కడ డిస్మిస్ చేశాక మారదామనుకుంటే చాలా కష్టం. “మార్కులు తేలిగ్గా వేస్తారు” అన్న ఒక్క కారణంతో మాత్రం వెళ్లకు. అక్కడా డిస్క్రీట్ గణితం నీకంటే ముందే వెళ్లి కూర్చుని ఉంటుంది.

కొన్నాళ్లు ఇంటికి వెళ్లి రావడం నీ ఉత్తరంలో లేదు, కానీ నీ మనసులో ఉందని నాకనిపించింది. డీఎస్‌ఓ అనుమతితో మానేస్తే దేశం వదలడానికి పదిహేను రోజులు ఇస్తారు. అయిదు నెలలు దాటితే మామూలుగా విద్యార్థి వీసాకు ఆధారంగా యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం కొత్తది తీసుకుని మళ్లీ మొదలుపెట్టాలి, పని అనుమతులకు ముందు ఏడాది చదివి ఉండాలన్న లెక్క కూడా మొదటి నుంచే. వడ్డీ మాత్రం ఆగదు. ప్రాణానికి విశ్రాంతి కావాలంటే ఆ మూల్యం పెద్దది కాదు. భయంతో పారిపోవడానికైతే చాలా పెద్దది. వీసా నిబంధనలు మారుతూ ఉంటాయి, కాబట్టి ఏ దారి పట్టినా డీఎస్‌ఓ నోటితో విన్న తర్వాతే అడుగు వెయ్యి, కన్సల్టెన్సీ వాళ్ల మాట మీద కాదు.

సీనియర్ల కోడ్ ముట్టుకోవద్దు. ఇందులో నేను రెండో దారి చూపించను. పాత కోడ్‌తో పోల్చి చూసే సాఫ్ట్‌వేర్ దాదాపు ప్రతి కంప్యూటర్ సైన్స్ విభాగంలోనూ ఉంది. ప్రొబేషన్‌లో ఉన్న విద్యార్థి మీద కాపీ కేసు పడితే అడ్వైజర్ ఎంత కోరుకున్నా కాపాడలేరు.

భోజనశాల పని ఇరవై గంటలు చట్టం ఒప్పుకునే గరిష్ఠం. అంతా వాడుకోవాలని లేదు. పది గంటలకు తగ్గించమని సూపర్‌వైజర్‌ను అడుగు, పరీక్షల నెలలకైనా సరే. అద్దెకు డబ్బు చాలకపోవచ్చు, నిజమే. చాలా యూనివర్సిటీల్లో ఇబ్బందిలో ఉన్నవారికి చిన్న మొత్తంలో అత్యవసర సాయం, ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్ ప్యాంట్రీ ఉంటాయి. డీన్ ఆఫ్ స్టూడెంట్స్ కార్యాలయంలో అడుగు. కప్పుడు బియ్యం, రెండు డబ్బాల శనగలు తెచ్చుకోవడానికి సిగ్గుపడకు. ఆ కార్యాలయం ఉన్నదే అందుకు.

చివరిగా ఇల్లు. 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం నీ మార్కులు నీ అనుమతి లేకుండా యూనివర్సిటీ నీ తల్లిదండ్రులకు చెప్పదు. అంటే వాళ్లకు ఇంకెవరి నోటి నుంచో తెలిసే భయం నీకు లేదు, ఎప్పుడు ఎలా చెప్పాలో నీ చేతిలోనే ఉంది. ఈ ఆదివారమే చెబితే గుండె తేలికపడుతుంది, కానీ ఏం చెయ్యబోతున్నావని అడిగితే జవాబు ఉండదు, రాత్రంతా వాళ్లు కుమిలిపోతారు. మే నెల దాకా దాచి, అప్పుడు డిస్మిస్ ఉత్తరంతో చెబితే, అప్పుకంటే దాచినందుకే ఎక్కువ నొచ్చుకుంటారు. నేనైతే అడ్వైజర్‌ను, డీఎస్‌ఓను కలిసి, ఏ దారి పడుతున్నానో తేలిన వారంలో చెబుతాను. నిర్ణయం నీది.

చెప్పేటప్పుడు మీ నాన్నగారిని తక్కువ అంచనా వెయ్యకు. తామర పురుగు పడ్డ ఏడాది మీ ఊరి తోటల్లో ఏం జరిగిందో గుర్తుందా? కొసల్లో ఆకు ముడుచుకున్న రోజునే చూసినవాళ్లకు ఏదో ఒక మందు పనిచేసిందని, తోటంతా ఎర్రబడ్డాక వెళ్లినవాళ్లకు ఏమీ మిగల్లేదని నువ్వే రాశావు. “నాన్నా, ఆకు ముడత కనిపించింది, చూపించాను, ఈ మందు కొడుతున్నాను” అని చెప్పు. ఆ భాష ఆయనకు తెలుసు. అమ్మకు ముందు చెప్పాలనిపిస్తే ముందు అమ్మకే చెప్పు.

మళ్లీ రాయవచ్చా అని అడిగావు. రాయి, అమ్మా. మిడ్‌టర్మ్ పేపరు చేతికి వచ్చిన రోజు రాయి, మార్కులు ఎన్ని వచ్చినా సరే. ఆ ప్రొఫెసర్ గదిలో కూర్చున్నప్పుడు ముందుగా ఏ ప్రశ్న అడిగావో అది కూడా రాయి.